సి బుక్కులో పట్టే ఇంజిన్

మూడో సిలిండర్ దగ్గరికొచ్చేసరికి గేజ్‌లో ముల్లు 95 మీదే ఆగిపోయింది. అంతకుముందు మొదటిది 150, రెండోది 145 చూపించాయి. విజయవాడ ఆటోనగర్‌లో మా కారు చూసే మేస్త్రి గారు ఆ గేజ్ తీసి నా చేతికిచ్చారు. "మీరే చూడండి టీచరమ్మా. ఇంజిన్ పోయిందని నేను నోటితో చెబితే ఎవరూ నమ్మరు" అన్నారు.

ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఒత్తిడి కొలతను కాదనలేను. కారు మారుతి 800, 1998 మోడల్. నా జీతం మీద అప్పు తీసుకుని, నా పేరు మీద కొన్న మొదటి వస్తువు అది. ప్రతి ఆదివారం గుడివాడలో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్లొచ్చింది అందులోనే. పోయినేడాదిగా పికప్ తగ్గింది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ కొట్టేది. నెలకో లీటరు ఆయిల్ తాగేది. "అమ్మేసి కొత్తది తీసుకోరాదూ" అని ఇంట్లో అందరూ అన్నారు. నాకది ఇష్టం లేదు. ఇంజిన్ మారిస్తే మరో పదేళ్లు నడుస్తుందని నా నమ్మకం. ఏ ఇంజిన్ పెట్టాలన్నదే తేల్చుకోలేకపోయాను. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పాత చిన్న కారును వదులుకోలేని వాళ్లు నాలాగే చాలామంది ఉంటారు కాబట్టి, ఆ నాలుగు నెలల్లో తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు ఆ గేజ్ సంగతి. ఇంజిన్ మార్చాలా, బాగుచేస్తే సరిపోతుందా అని తేల్చేది అదే. ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ వైరు పీకి, ఒక ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. పిస్టన్ నాలుగైదు సార్లు పైకీ కిందికీ తిరిగేసరికి గాలిని ఎంత నొక్కగలుగుతోందో పీఎస్ఐలో తెలుస్తుంది. మా 800లో ఉన్నటువంటి ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే 170 దాకా చూపిస్తుంది. మూడు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ఇంకా ముఖ్యం. 95 అంటే ఆ గదిలో గాలి ఎక్కడి నుంచో తప్పించుకుపోతోందన్నమాట.

ఎక్కడి నుంచి? మేస్త్రి గారు చిన్న గరాటాతో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ మూడో రంధ్రంలో పోసి మళ్లీ సెల్ఫ్ కొట్టించారు. ముల్లు 130కి లేచింది. ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి, రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య సందును కాసేపు మూసింది. అందుకే ఒత్తిడి పెరిగింది. వాల్వులు లీకైతే పైన పోసిన ఆయిల్ వాటిని మూయలేదు, ముల్లు కదిలేది కాదు. చెంచాడు నూనెతో జబ్బు పైన ఉందా కింద ఉందా చెప్పే ఈ పరీక్ష ఏ ల్యాబులోని ప్రయోగానికీ తీసిపోదు. ఇంజిన్ మార్చమని ఎవరైనా సలహా ఇస్తే ముందు ఈ రెండు అంకెలూ, పొడిగా ఎంత, నూనె పోశాక ఎంత అన్నది, కాగితం మీద రాయించుకోండి. వాల్వుల జబ్బయితే హెడ్ దించి బాగుచేయిస్తే పోతుంది. ఇంజిన్ మొత్తం మార్చనక్కర్లేదు.

మాకు కిందే పోయింది. హెడ్ ఎత్తి చూస్తే పిస్టన్ తల మీద మసి కింద 0.50 అని అచ్చు కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, 2009లో ఒకసారి బోరింగ్ చేయించాం. సిలిండర్ గోడ అరిగినప్పుడు దాన్ని కాస్త పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. మొదటి మెట్టు 0.25 మిల్లీమీటర్లు, తర్వాతిది 0.50. మాది ఆ చివరి మెట్టు మీదే ఉంది. స్లీవ్ వేయించవచ్చు కానీ క్రాంకు కూడా అప్పుడే ఒకసారి గ్రైండింగ్ అయింది. "దీని మీద డబ్బు పెట్టడం నాకిష్టం లేదమ్మా" అన్నారు మేస్త్రి గారు.

ఆ సాయంత్రమే మా మేనల్లుడు వచ్చాడు. మెకానికల్ చదివాడు, బళ్లంటే ప్రాణం. "అత్తా, ఇదే అవకాశం. ఎస్టీమ్ ఇంజిన్ పెట్టేద్దాం. ఈ బరువుకి అది పడితే రోడ్డు మీద ఎవడూ మనల్ని దాటలేడు" అన్నాడు. వాడి కళ్లలో వెలుగు చూసి కాదనబుద్ధి కాలేదు. సరే, లెక్క వేద్దాం కూర్చోమన్నాను.

ఖాళీ 800 బరువు 650 కిలోల చిల్లర. నలుగురు మనుషులూ సామానూ కలిపి 300 వేసుకుంటే 950. మా పాత ఇంజిన్, ఎఫ్8బి అంటారు దాన్ని, మూడు సిలిండర్లు, 796 సీసీ, కొత్తగా ఉన్నప్పుడు 37 హార్స్ పవర్. టన్నుకు 39 పడుతుంది. అదే 796 సీసీలో సిలిండర్‌కు రెండు వాల్వుల బదులు నాలుగేసి వాల్వులు, పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ పెట్టి మారుతి చేసిన ఎఫ్8డి ఆల్టోలో వచ్చింది. కొన్నాళ్లు అయిదు గేర్ల 800లో కూడా వచ్చింది. అది 46. టన్నుకు 48. జెన్‌లోని 993 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ చివరి రోజుల్లో 60 ఇచ్చేది, టన్నుకు 63. ఎస్టీమ్‌లోని 1298 సీసీ ఇంజిన్ 85, టన్నుకు దాదాపు 90. కాగితం మీద మేనల్లుడే గెలిచాడు.

అక్కడితో ఆపేస్తేనే చాలామంది దెబ్బతింటారు. గంటకు 80 మీద వెళ్లే కారును ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి కంటే, 100 మీద వెళ్లే కారుకు సగానికి పైగా ఎక్కువ కావాలి. శక్తి వేగంతో కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఎన్నేళ్లు చెప్పానో ఈ పాఠం! మా కారు బ్రేకులకు బూస్టర్ కూడా లేదు, కాలి బలమే. టైరు చూస్తే 12 అంగుళాల చక్రం మీద జానెడు వెడల్పు కూడా లేదు. అంత పెద్ద ఇంజిన్ పెట్టి, దాన్ని ఈ బ్రేకులతో ఆపమని అడగడం అన్యాయం.

అమర్చడం మరో కథ. ఎస్టీమ్, జెన్ ఇంజిన్లు జి వర్గానివి, మాది ఎఫ్ వర్గం. మా గేర్‌బాక్స్ వాటికి బిగవదు. జెన్ ఇంజిన్ తెస్తే జెన్ గేర్‌బాక్సూ రావాలి. దానితో డ్రైవ్ షాఫ్టులు మార్చాలి, గేర్ రాడ్డు మార్చాలి. మూడు సిలిండర్లు కూర్చునే చోట నాలుగు కూర్చోవాలంటే మౌంటులు కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. రేడియేటరు చిన్నది, మే నెలలో బందరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే అంత ఇంజిన్‌ను చల్లార్చలేదు. డ్రైవ్ షాఫ్టులు మోయాల్సిన టార్కు చూస్తే, మా ఇంజిన్‌ది 59 న్యూటన్ మీటర్లు, ఎస్టీమ్‌ది రెట్టింపుకు దగ్గర. ఇవన్నీ చేసే పనివాళ్లు మన దేశంలో ఉన్నారు. ఆటోక్రాస్ పోటీలకు అలాంటి 800లు తయారు చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా గౌరవం. కానీ వాళ్లు ఇంజిన్ ఒక్కటే మార్చరు. బ్రేకులు, సస్పెన్షన్, చక్రాలు, బాడీకి బలం అన్నీ మార్చి, దాన్ని ట్రాలీ మీద మైదానానికి తీసుకెళ్తారు. నేను గుడివాడ వెళ్లాలి.

ఇంకో మాట. జెన్ 2006లో ఆగింది, ఎస్టీమ్ 2007లో. మా ఎఫ్8బి మాత్రం ఓమ్నీ వ్యాన్ పుణ్యమా అని 2019 దాకా తయారైంది. 800 కూడా 2014 జనవరి దాకా వచ్చింది. అందుకే పిస్టన్ సెట్టు, రింగులు, గాస్కెట్టు ఈ రోజుకీ ఆటోనగర్‌లో ఏ షాపులో అడిగినా దొరుకుతున్నాయి. పాత కారుకు ఇంజిన్ ఎంచుకునేవాళ్లు హార్స్ పవర్ కంటే ముందు అడగాల్సింది ఇది. రేపు దారిలో ఆగిపోతే దాని సామాను చల్లపల్లిలోనో కైకలూరులోనో దొరుకుతుందా?

నా మనసు కొన్ని వారాలు ఎఫ్8డి మీద నిలిచింది. ఒకే వర్గం కాబట్టి ఇంజిన్ సులువుగా కూర్చుంటుంది. కార్బ్యురేటర్ బాధ ఉండదు, చలికాలం చోక్ లాగక్కర్లేదు, అయిదో గేరు వస్తుంది. మేస్త్రి గారు వద్దనలేదు కానీ జాబితా చెప్పారు. కార్బ్యురేటర్‌కు పెట్రోలు అందించే పంపు ఇంజిన్ పక్కనే ఉంటుంది, కొద్దిపాటి ఒత్తిడితో తోస్తుంది. ఎంపీఎఫ్ఐకి దానికి పదింతల ఒత్తిడి కావాలి, ఆ పంపు ట్యాంకులో మునిగి ఉంటుంది. అంటే ట్యాంకు మార్చాలి, పైపులు మార్చాలి. పాత రబ్బరు పైపు అంత ఒత్తిడికి చిట్లితే వేడి ఇంజిన్ మీద పెట్రోలు పడుతుంది. వైరింగ్ మొత్తం కొత్తది. అన్నిటికంటే ముఖ్యం ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా. తర్వాతి కాలపు బళ్లలో దొంగతనం జరక్కుండా ఆ డబ్బాను తాళంచెవితో జత కలిపారు. ఆ తాళంచెవీ, దాన్ని గుర్తుపట్టే పరికరం కూడా అదే బండివి కావాలి. లేకపోతే ఇంజిన్ ఎంత మంచిదైనా స్టార్ట్ కాదు. పాత సామాన్ల షాపులో "ఈసీఎం వేరే ఇస్తాం" అంటే కొనకండి.

గేర్‌బాక్స్ లెక్క కూడా ఒకటి వేశాను. ఆల్టో టైరు 145/80, మా 800 టైరు 145/70, చక్రం రెంటికీ 12 అంగుళాలే. ఎత్తు తీస్తే ఆల్టోది 537 మిల్లీమీటర్లు, మాది 508. ఆల్టో గేర్‌బాక్స్ మా కారుకు పెడితే ఒక్కో చుట్టుకు దాదాపు అయిదు శాతం తక్కువ దూరం వెళ్తుంది. ఎత్తు ఎక్కడానికి మంచిదే, హైవే మీద మాత్రం ఇంజిన్ ఆ మేరకు ఎక్కువ తిరుగుతుంది. ఇంతకీ ఆ ఆలోచన మానుకోవడానికి కారణం ఇది కాదు. రవాణా ఆఫీసు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకూ మన సి బుక్కులో, అంటే ఆర్సీలో, ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే ముందే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి తీసుకోవాలి, మార్చిన 14 రోజుల్లోపు వాళ్లకు తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్పులు చెల్లవని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించారు. అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రవాణా ఆఫీసులో కౌంటరు దగ్గరి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "అదే కంపెనీ, అదే రకం, అదే పెట్రోలు ఇంజిన్ అయితే అప్లికేషన్ పెట్టండి మేడం. వేరే రకం, వేరే సీసీ అంటే మా సార్ ఒప్పుకోరు" అని.

ఈ మాట విని మేనల్లుడు నీరసించాడు. "చాలామంది చేస్తున్నారు కదత్తా, ఎవరు చూస్తారు?" అన్నాడు. యాక్సిడెంట్ అయిన రోజున చూస్తారు. ఇన్సూరెన్స్ వాళ్లు చూస్తారు. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి రెన్యూవల్ చేయించుకోవాలి. మాకు మళ్లీ 2028లో వస్తుంది. అప్పుడు చూస్తారు. నా కారు ఢీకొని ఎవరికైనా దెబ్బ తగిలితే, సి బుక్కులో లేని ఇంజిన్ వల్ల వాళ్లకు రావాల్సిన పరిహారం కోర్టులో నలగడం నేను భరించలేను.

అలా 1998 కాలపు కార్బ్యురేటర్ ఎఫ్8బి కోసం వెతుకులాట మొదలైంది. పాఠకులకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. సరైన రకం తేల్చుకోవడం సగం పనే. ఆ రకంలో సరైన ఇంజిన్‌ను, దాని చరిత్రతో సహా పట్టుకోవడం మిగతా సగం.

మొదటి షాపులో నాకు చూపించిన ఇంజిన్ బయట కడిగి, పెయింట్ వేసి మెరుస్తోంది. ఇంజిన్ నంబరు చెక్కిన చోట వేలితో తడిమాను. గరుకుగా, పల్లంగా ఉంది. ఆకురాయితో అరగదీసిన గీతలు టార్చి వెలుగులో అడ్డంగా కనిపించాయి. "పాతది కదమ్మా, తుప్పు పోగొట్టాం" అన్నాడు కుర్రాడు. తుప్పు అంకెల మీదే పడుతుందా? మాట్లాడకుండా వచ్చేశాం. నంబరు సరిగా లేని ఇంజిన్ దొంగ బండిది కావచ్చు, అది ఎవరింట్లోదో.

రెండోది మరో రకం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఎన్ని బళ్లు నీళ్లలో నిలబడిపోయాయో విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇంజిన్ కొనేవాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి, ఇది మునిగిందా అని. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. నడుస్తున్న ఇంజిన్‌లోకి ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు వెళ్తే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆరబెట్టి స్టార్ట్ చేస్తే తిరుగుతుంది కూడా. వంగిన రాడ్డుతో కొన్ని వేల కిలోమీటర్లు నడిచి ఒకరోజు బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది.

మేస్త్రి గారు ఎలా పరీక్షించారో దగ్గరుండి చూశాను. ముందు ఆయిల్ మూత తీసి లోపలి వైపు వేలు పెట్టారు. వేలికి టీ రంగు మీగడలాంటిది అంటింది. ఆయిల్లో నీళ్లు కలిస్తే అలా అవుతుంది. తర్వాత ప్లగ్గులు విప్పి రంధ్రంలోకి సన్న టార్చి వేసి నన్ను చూడమన్నారు. మంచి సిలిండర్ గోడ మీద హోనింగ్ గీతలు సన్నగా, అల్లికలా, నూనె మెరుపుతో ఉండాలి. ఇక్కడ ఒక సిలిండర్‌లో సగం ఎత్తున గోధుమ రంగు వలయం, చెరువు గట్టు మీద నీటి మట్టం గుర్తులా ఉంది. పిస్టన్ అక్కడ ఆగి, దాని మీద నీళ్లు నిలిచిన చోటు అది. చివరగా క్రాంకు పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పారు. ఒక దగ్గర తేలిగ్గా తిరిగి, మరో దగ్గర పట్టింది. స్పానర్ తీసి తుడుచుకున్నారు. "వద్దమ్మా" అన్నారు, అంతే. షాపు యజమాని మొహం చూడకుండా బయటికి నడిచారు. ఆయనకు ఆ షాపుతో రోజూ పనుంటుంది. అయినా నా కోసం ఆ మాట అన్నందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

మాకు దొరికింది పామర్రు దగ్గర ఒక పల్లెలో. రిటైరైన పెద్దాయన 1999 మోడల్ 800, చెట్టు కొమ్మ పడి పైకప్పు నలిగిపోయి, బాడీ పనికిరాక పాకలో ఉంది. ఇంజిన్ స్టార్ట్ అయింది. మూడు సిలిండర్లూ 165, 160, 165. పిస్టన్ల మీద స్టాండర్డ్ అని ఉంది, అంటే ఒక్కసారి కూడా బోరింగ్ కాలేదు. ఇక మీదట రెండు మెట్లు మిగిలే ఉన్నాయి. పెద్దాయన సి బుక్కు తెచ్చి నంబరు చూపించారు. రసీదు మీద ఇంజిన్ నంబరు, చెస్సీ నంబరు వేసి సంతకం పెట్టారు. "నా బండి మళ్లీ రోడ్డెక్కుతుందన్నమాట" అన్నారు. ఆ కాగితం నాకు ఇంజిన్ ఎంతో అంత.

అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాం. చైన్ పుల్లీతో పాతది దించడం, కొత్తది ఎక్కించడం రెండు రోజుల పని. బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, వెనక ఆయిల్ సీలు కొత్తవి వేయించాను. ఇంజిన్ బండిలో ఉండగా ఆ సీలు కోసం మళ్లీ అంతా విప్పాలి. చిల్లర ఖర్చు తగ్గిద్దామని ఇవి వదిలేసేవాళ్లు ఆర్నెల్లలో మళ్లీ వస్తారని మేస్త్రి గారు ముందే చెప్పారు. మూడు రబ్బరు మౌంటులూ మార్చాం. మూడు సిలిండర్ల ఇంజిన్‌కు స్వభావరీత్యానే ఊగే గుణం ఉంటుంది. గట్టిపడిపోయిన మౌంటులు ఆ ఊపును నేరుగా స్టీరింగ్‌కి పంపిస్తాయి. పదిహేనేళ్లుగా నా చేతులకు అలవాటైపోయిన ఆ వణుకు పోయేసరికి కారు ఆగిపోయిందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు పొద్దున పదింటికి రమ్మన్నారు. బానెట్ ఎత్తి, బ్లాకు మీద నంబరున్న చోట గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పరిచి పెన్సిలు పక్కకు వాల్చి రుద్దారు. నల్లటి గీతల మధ్య తెల్లగా ఒక్కో అంకె లేచింది. పెద్దాయన ఇచ్చిన రసీదు పక్కన పెట్టి ఒక్కో అంకె చదువుతూ సరిచూసుకున్నారు. మేనల్లుడు పక్కనే నిలబడి చూశాడు. "పని శుభ్రంగా చేశారు, ఎవరు?" అని ఆయన అడిగితే, "మా మేస్త్రి గారండీ" అని వాడే చెప్పాడు.

ఆ ఆదివారం అమ్మను, చెల్లెల్ని, మేనల్లుణ్ణి ఎక్కించుకుని కొండపల్లి ఖిల్లాకు వెళ్లాం. ఘాట్ రోడ్డులో పైకి వెళ్లేసరికి ఎప్పుడూ మొదటి గేరుకు దిగాల్సి వచ్చే మలుపు ఒకటుంది. ఏసీ ఆపి, రెండో గేరులోనే ఉంచి తిప్పాను. ఎక్కింది. ముందు సీట్లో అమ్మ కొంగు సర్దుకుంటూ, "ఇంతకుముందు ఇక్కడ గుర్రుమనేది కదే" అంది.